బావ అడిగినా ఇవ్వని కత్తి

"ఆ కత్తి ఇంకా నీ దగ్గరే ఉందా?"

బావ ఫోన్ చేస్తే అందరూ ఎలా ఉన్నారన్న మాట అయ్యాక వచ్చే ప్రశ్న ఇదే. ఉందంటాను. "ఇచ్చెయ్యరా బాబూ. దానికి బదులు మంచిది చేసిస్తాను. నీకు ఏ ఉక్కు కావాలంటే ఆ ఉక్కు, ఏ పిడి కావాలంటే ఆ పిడి" అంటాడు. ఇవ్వనంటాను. ఆయన విసుక్కుని వేరే మాటలోకి వెళ్లిపోతాడు. పదేళ్లుగా ఇదే తంతు.

మా బావ, అంటే మా మేనత్త కొడుకు, కత్తులు చేస్తాడు. ఇప్పుడు ఆయన చేత కత్తి చేయించుకోవాలంటే నెలల తరబడి ఆగాలి. నా దగ్గరున్నది మాత్రం ఆయన తొలి రోజుల్లో చేసినది. అప్పటికి ఇంకా కత్తి చేయడం వచ్చినవాడు కాదు, నేర్చుకుంటున్నవాడు. నిజం చెప్పాలంటే నేర్చుకుంటున్నవాడు కూడా కాదు, మొండిగా ప్రయత్నిస్తున్నవాడు. నేర్పేవాళ్లెవరూ లేరు.

ఇది రాస్తుంటే కత్తి నా ఎదురుగా బల్ల మీదే ఉంది. మొత్తం పొడవు 22 సెంటీమీటర్లు. అందులో అలుగు, అంటే పిడి బయట కనిపించే ఉక్కు, దాదాపు సగం. వెన్ను మందం 5 మిల్లీమీటర్లు. పిడి దగ్గర ఎంత ఉందో మొన దగ్గరా ఇంచుమించు అంతే. అది తప్పని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఎడమ పక్క, వెన్నుకు కాస్త కింద, సుత్తి అంచు దిగిన గుంటలు మూడున్నాయి. ఆకురాయితో ఎంత తీసినా పోని లోతు. ఉక్కు రంగు ఇప్పుడు ఉక్కు రంగులా లేదు, వాన ముందు మబ్బులా నల్లగా, అక్కడక్కడ నీలంగా మారింది. పిడికి రెండు చెక్కలు, రెండు ఇత్తడి మేకులు. వెనక మేకు రెండు వైపులా ఒకే చోట కనిపిస్తుంది. ముందు మేకు, అంటే అలుగు పక్కనున్నది, కుడి వైపు కంటే ఎడమ వైపు ఒక వెంట్రుకవాసి కిందికి ఉంటుంది. డ్రిల్లు వంకరగా దిగి ఉంటుందిలే అనుకునేవాణ్ని.

దీని మీద ఆయన ముద్ర లేదు. అప్పటికి ఆయనకు ముద్రే లేదు.

మొదలుపెట్టినప్పుడు బావకు ఇరవై మూడో ఇరవై నాలుగో. నాకు ఇంకా మీసాలు సరిగ్గా రాలేదు. ఆయన ఉద్యోగం లెక్కలు రాసే ఉద్యోగం. రోజంతా కాగితాల ముందు కూర్చుని సాయంత్రం ఇంటికొచ్చి పెరట్లో మంట పెట్టేవాడు. ఎందుకు పుట్టిందో ఆ పిచ్చి, ఆయనా సరిగ్గా చెప్పలేడు. ఎక్కడో ఒక పాత కత్తి చేతిలోకి తీసుకున్నాడట, ఇది ఒక మనిషి చేతులతో చేశాడా అనిపించిందట. అంతే.

కొలిమి అంటే పెద్ద ఏర్పాటేమీ లేదు. లారీ బ్రేక్ డ్రమ్ము ఒకటి సంపాదించాడు. దాని అడుగున రంధ్రానికి ఇనప గొట్టం, ఆ గొట్టం చివర హెయిర్ డ్రయ్యర్. ఆ డ్రయ్యర్ మా వదినది, అంటే బావ అక్కది. ఆమెకు చెప్పకుండా తెచ్చాడు. దాగలి, అంటే ఉక్కును పెట్టి కొట్టే దిమ్మ, దాని బదులు మూరెడు రైలు పట్టా ముక్క, దాన్ని మొద్దుకు మేకులతో బిగించాడు. సుత్తి మామూలు సుత్తే. పట్టకారు నోరు సరిగ్గా కలిసేది కాదు, ఎర్రగా కాలిన ముక్క పట్టు తప్పి రెండుసార్లు కాళ్ల దగ్గర పడింది. ఒకసారి నా చెప్పు అంచు కాలింది. ఆ చెప్పులు చాలా రోజులు దాచాల్సొచ్చింది, ఇంట్లో అడుగుతారని.

నా పని డ్రయ్యర్ పట్టుకోవడం. దాన్ని గొట్టానికి బిగించే మార్గం ఆయన ఇంకా కనిపెట్టలేదు. అందుకని చేత్తో ఆనించి పట్టుకోవాలి. "పట్టుకో, వదలకు" అనేవాడు. కొట్టేటప్పుడు ఆపు అనేవాడు, మళ్లీ నిప్పుల్లో పెట్టగానే ఊదు అనేవాడు. తిత్తి కొట్టే కుర్రాడు చేసే పనే నాదీ, కాకపోతే కరెంటుతో.

ఉక్కు ఎక్కడిదంటే పాత బండి కమాను పట్టీ. ఈ పని మొదలుపెట్టే ప్రతివాడూ మొదట వెతికేది అదే. కమాను పట్టీలకు వాడే రకాల్లో ఒకదాన్ని 5160 అంటారు. సుమారు 0.6 శాతం కార్బన్, కాస్త క్రోమియం. దెబ్బకు ఓర్చుకుంటుంది, వంగి మళ్లీ నిలబడుతుంది, కత్తికి బాగా పనికొస్తుంది. చిక్కేమిటంటే పాత పట్టీ ఏ రకమో దాని మీద రాసి ఉండదు. పైగా ఏళ్ల తరబడి బరువు మోసి మోసి దాని లోపల కంటికి కనపడని సన్నని పగుళ్లు ఉండొచ్చు. ఈ సంగతి ఇప్పుడు బావ ఎవరికైనా మొదటి రోజే చెబుతాడు. కొత్త ఉక్కు కొనుక్కోండి, రకం తెలిసినది, మీ తప్పేదో ఉక్కు తప్పేదో తెలుస్తుంది అంటాడు. అప్పట్లో ఆ మాట చెప్పడానికి ఆయనకు ఎవరూ లేరు.

కొట్టడం చూడ్డానికి ఎంత తేలిగ్గా ఉంటుందో! పసుపుకు దగ్గరపడ్డ నారింజ రంగులో బయటికి తీస్తే నాలుగైదు దెబ్బలు బాగా పడతాయి. ఎరుపు నల్లబడుతుంటే ఆపేయాలి. చల్లబడ్డాక కొడితే ఉక్కు పగులుతుంది. బావ ఆపేవాడు కాదు. ఇంకొక్క దెబ్బ, ఇంకొక్క దెబ్బ. పై పొర పెచ్చులుగా లేచి రాలేది, కొన్ని పెచ్చులు దాగలి మీదే ఉండిపోతే వాటి మీదే మళ్లీ కత్తి పెట్టి కొట్టేవాడు. అవి ఉక్కులోకి దిగి గుంటలు పడేవి. ఇనప బ్రష్‌తో ఒక్కసారి తుడిస్తే పోయేదానికి తర్వాత వారం రోజులు ఆకురాయితో అరగదీశాడు.

ఇంకో తమాషా. కత్తికి వాదర వైపు, అంటే పదును పెట్టే అంచు వైపు, పల్చన చేస్తూ కొడుతుంటే అటు ఉక్కు సాగుతుంది. వెన్ను సాగదు. దాంతో మొన పైకి లేచి కత్తి కొడవలికి తిరగేసిన ఆకారంలో వంగుతుంది. తెలిసినవాళ్లు ముందే వాదర పక్కకు వంచి పెట్టుకుంటారు, కొట్టేకొద్దీ అదే తిన్నగా వస్తుంది. మేమిద్దరం ఆ సాయంత్రం బెంబేలెత్తిపోయాం. కత్తి మమ్మల్ని చూసి వంగుతోందా అన్నట్టుంది. చివరికి కర్ర దుంగ మీద పెట్టి కర్ర సుత్తితో వెనక్కి కొట్టాడు. కాలిన కర్ర పొగకు మా ఇద్దరి కళ్లూ ఎర్రబడ్డాయి. మేనత్త కిటికీలోంచి చూసి, "ఏమిట్రా అది, చితా?" అంది.

తర్వాత ఆకురాయి పని. గ్రైండర్ లేదు. ముక్కను బల్లకు బిగించి, వాదర వైపు వాలు వచ్చేలా గంటల తరబడి రుద్దడమే. ఆ భాగం నాకు పెద్దగా గుర్తు లేదు, గుర్తు పెట్టుకునేంతగా అందులో ఏమీ జరగదు. రోజూ కాస్త దుమ్ము, రోజూ కాస్త వాలు.

గుర్తున్నది నూనెలో ముంచిన రాత్రి. అసలు ముందు నీళ్లలో ముంచిన రాత్రి గురించి చెప్పాలి.

ఉక్కుకు కొలిమిలో ఆకారం ఇచ్చినంత మాత్రాన అది కత్తి కాదు. మెత్తగా ఉంటుంది, పదును నిలవదు. దాన్ని సరైన వేడికి తెచ్చి ఒక్కసారిగా చల్లార్చాలి. అప్పుడు లోపలి అమరిక మారి గట్టిపడుతుంది. సరైన వేడి ఎంతో తెలియడానికి పెరటి పనివాడి దగ్గరుండే సాధనం అయస్కాంతం. ఉక్కు 770 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అది మానేశాక ఇంకాస్త వేడెక్కనిచ్చి ముంచాలి. ఆ ఇంకాస్త ఎంత అన్నదే అసలు విద్య. రంగు కనిపించాలంటే చీకటి కావాలి. అందుకే రాత్రి పెట్టుకున్నాం, పెరట్లో బల్బు తీసేశాం.

మొదట చేసిన కత్తిని బావ నీళ్లలో ముంచాడు. సినిమాల్లో అలాగే చూశాం కదా. బుస్సుమని ఆవిరి లేచింది. ఆ ఆవిరి మధ్యలోంచి ఒక చిన్న శబ్దం వచ్చింది. టింగ్. గాజు గ్లాసును గోటితో కొట్టినట్టు. చాలా అందమైన శబ్దం. నేను నవ్వాను కూడా. బావ నవ్వలేదు. బయటికి తీసి టార్చిలైటు వేసి చూస్తే వాదర నుంచి వెన్ను దాకా ఒక నల్లటి గీత. మూడు వారాల ఆకురాయి పని. ఆయన ఏమీ అనలేదు. కత్తిని బ్రేక్ డ్రమ్ము పక్కన పెట్టి లోపలికెళ్లి పడుకున్నాడు. నేను డ్రయ్యర్ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. దాన్ని వదిన గదిలో మళ్లీ పెట్టాలి కదా.

ఈ ఉక్కుకు నీళ్లు మరీ దురుసు. నూనె కావాలి. ఆ నూనె కూడా కాస్త వెచ్చగా, 50 డిగ్రీలకు పైన ఉండాలి. వెచ్చబడిన నూనె పల్చబడి వేడిని త్వరగా లాగుతుంది. రెండో కత్తి వేళకు ఇది చదివి తెలుసుకున్నాడు. పట్టకారు పట్టిన చోట ఉక్కు చల్లబడుతుందని కూడా ఎక్కడో చదివాడు. అందుకని పిడిలోకి వెళ్లే తోక భాగం చివర ఒక రంధ్రం వేసి, దానికి తీగ కట్టి, కత్తి మొత్తాన్నీ నిప్పుల్లో దించాడు. మొత్తాన్నీ అన్న మాట గుర్తుపెట్టుకోండి. ఆ తీగతోనే ఎత్తి మొత్తాన్నీ నూనెలో ముంచాడు. ఆ నూనె బండిలోంచి తీసిన పాత ఇంజిన్ ఆయిల్. అది వాడకూడదు, ఆ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు, మంటా ఎక్కువే. మామూలు వంటనూనె ఇంతకంటే నయం. డబ్బా మీద మూరెడెత్తు మంట లేచింది. నేను డ్రయ్యర్ వదిలేసి గోడ దాకా పరుగెత్తాను. బావ మాత్రం కదలకుండా, మనసులో లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాడు. టింగ్ అనలేదు. ఇద్దరం చెవులు రిక్కించి విన్నాం.

తుడిచి, ఆకురాయి తెచ్చి వాదర మీద నెమ్మదిగా తోశాడు. పొద్దున దాకా అదే ఆకురాయి ఆ ఉక్కును కొరికేది. ఇప్పుడు గాజు మీద జారినట్టు జర్రున జారిపోయింది. "గట్టిపడింది" అన్నాడు. ఆ మాట అంటున్నప్పటి ఆయన ముఖం నాకు కత్తి కంటే బాగా గుర్తుంది. కళ్లు తప్ప అంతా మసి.

గట్టిపడిన ఉక్కు అలాగే ఉంటే కిందపడినా విరుగుతుంది. దాన్ని మళ్లీ తక్కువ వేడి మీద ఉంచి పెళుసుదనం తగ్గించాలి. సుమారు 200 డిగ్రీలు, రెండేసి గంటలు, రెండుసార్లు. మెరిసేలా రుద్దిన చోట లేత గడ్డి రంగు వస్తే సరిగ్గా అయినట్టు. ఇది మేనత్త ఓవెన్‌లో జరిగింది. కత్తి శుభ్రంగా కడిగానని బావ ప్రమాణం చేశాడు గానీ ఆ ఓవెన్ తలుపు తీసినప్పుడల్లా చాలా నెలలు ఇంజిన్ ఆయిల్ వాసన వచ్చేదని మేనత్త ఇప్పటికీ చెబుతుంది.

పిడి బిగించే రోజు నేను లేను. పరీక్షలేవో ఉన్నాయి. వారం తర్వాత వెళ్తే కత్తి తయారై ఉంది. బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నా చేతిలో పెట్టాడు. "నువ్వు డ్రయ్యర్ పట్టుకున్నావు కదా, తీసుకో" అన్నాడు. అంత తేలిగ్గా ఇచ్చేశాడేమిటా అనుకున్నాను. నేనైతే దిండు కింద పెట్టుకుని పడుకునేవాణ్ని.

ఆ తర్వాత కథంతా ఒక విచిత్రమైన పాఠం. బావ ఏదైనా కొత్త విషయం నేర్చుకున్నప్పుడల్లా మా ఇంటికొచ్చి, "ఏదీ, ఆ కత్తి ఓసారి తే" అనేవాడు. వెలుగులో పెట్టి చూసి ఒక తప్పు కనిపెట్టేవాడు. ఒక ఏడాది వెన్ను మందం గురించి. వెన్ను పిడి దగ్గర మందంగా ఉండి మొన వైపు పోయేకొద్దీ పల్చబడాలి, అప్పుడు కత్తి చేతిలో తేలుతుంది, లేకపోతే మొన బరువుకు ముందుకు వాలుతుంది. ఇంకో ఏడాది వాదర వెనక మందం గురించి. మన కత్తి కొయ్యదు, చీలుస్తుందిరా, ఇది కత్తి కాదు గొడ్డలి పిల్ల అన్నాడు. ఇంకోసారి వాలు మొదలయ్యే మూల చూపించాడు. అక్కడ ఆకురాయి అంచుతో నిట్టనిలువుగా కోసేశాడు. అలాంటి పదునైన మూలలోనే పగులు మొదలవుతుందట, అక్కడ కాస్త గుండ్రంగా వదలాలట. "ఇది ఆ రాత్రి ఇక్కడే పగలాల్సింది. ఎందుకు పగల్లేదో దేవుడికి తెలియాలి" అన్నాడు.

అలా నాకూ కత్తి చూడ్డం వచ్చింది. ముందు నాకు అది అందమైన వస్తువు. తర్వాత్తర్వాత అది ఒక కుర్రాడి పరీక్ష కాగితంలా కనిపించడం మొదలైంది, ఎర్ర సిరా గుర్తులతో సహా. దిద్దినదీ ఆ కుర్రాడే.

ఒక తప్పు మాత్రం నేను బయటపెట్టాను. మేకులు కొట్టిన చెక్కపెట్టె మూత లేపడానికి కత్తి మొన దూర్చి పైకెత్తాను. కత్తితో చేయకూడని పనుల్లో మొదటిది అది. నాకు తెలుసు, అయినా చేశాను. మొన 5 మిల్లీమీటర్ల మేర పుటుక్కున విరిగింది. రెండు వారాలు బావకు కనిపించకుండా తిరిగాను. చివరికి విరిగిన ముక్కను కాగితంలో చుట్టి తీసుకెళ్లాను. తిడతాడనుకున్నాను. ఆయన ఆ ముక్క విరిగిన ముఖాన్ని భూతద్దంతో చూశాడు. చాలాసేపు చూశాడు. నాకూ చూపించాడు. లోపల ఇసుక రేణువుల్లా మెరుస్తూ గరుకుగా ఉంది.

అప్పుడు ఏమీ వివరించలేదు. తర్వాత తెలిసింది. ఉక్కును అవసరానికి మించి వేడి చేస్తే దాని లోపలి రేణువులు పెరుగుతాయి. పెద్ద రేణువుల ఉక్కు పెళుసు. మొన అన్నిటికంటే పల్చని భాగం కాబట్టి నిప్పుల్లో అన్నిటికంటే ముందు అదే వేడెక్కుతుంది. మిగతా కత్తికి రంగు వచ్చేదాకా మేం ఆగాం, ఈలోగా మొన కాలిపోయింది. ఆ ఇంజిన్ ఆయిల్ రాత్రి నేను డ్రయ్యర్‌తో ఊదుతూనే ఉన్నాను. సరిగ్గా చేసిన ఉక్కు విరిగితే లోపల బూడిద రంగు మఖమల్‌లా నున్నగా ఉండాలట. దానికి ముంచే ముందు కత్తిని ఎర్రగా కాల్చి గాలిలో చల్లారనివ్వడం, ఒక్కోసారి కాస్త తక్కువ వేడితో, మూడుసార్లు చేస్తారు. పెరిగిన రేణువులు మళ్లీ చిన్నవవుతాయి.

ఆ తర్వాత కొన్ని నెలలు బావ కత్తులే చేయలేదని మేనత్త చెప్పింది. చిన్న చిన్న ఉక్కు ముక్కలు కాల్చడం, ముంచడం, బిగించి విరగ్గొట్టడం, భూతద్దంతో చూడ్డం. వాటిని వరసగా ఒక అట్టకు అతికించి గోడకు తగిలించాడు. కొత్తగా నేర్చుకోడానికి వచ్చేవాళ్లకు ఇప్పటికీ మొదట చూపించేది ఆ అట్టే. దాని పై వరసలో మొదటి ముక్క నా కత్తి మొన.

విరిగిన కత్తికి ఆయనే మళ్లీ మొన దిద్దాడు. సానరాయి మీద రెండు తోపులు, నీళ్లలో ముంచు, రెండు తోపులు, నీళ్లలో ముంచు. వేడెక్కితే ఉన్న గట్టిదనమూ పోతుందని. అప్పుడే వాదర కూడా పల్చన చేస్తానన్నాడు, ఒప్పుకున్నాను. అప్పట్నుంచి కత్తి కోయడం మొదలుపెట్టింది. తాళ్లు, అట్టపెట్టెలు, మొక్కల కొమ్మలు, ఉత్తరాల కవర్లు, ఒకసారి కుర్చీ కాలుకు చెక్క ముక్క చెక్కడం, ఇల్లు మారినప్పుడల్లా పెట్టెల మీది టేపులు. పులుపు తగిలిన చోటల్లా నీలం మచ్చలు పడ్డాయి. అవి ఎర్ర తుప్పు కాదు, దాన్ని కొంత అడ్డుకునే పొర. తుడిచి పొడిగా పెట్టి, ఎప్పుడైనా చుక్క నూనె రాస్తే చాలు.

ఇంతలో బావ ఎక్కడికో వెళ్లిపోయాడు, పనితనంలో. అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ అని 1976లో పెట్టిన కత్తులు చేసేవాళ్ల సంఘం ఒకటుంది. వాళ్లు జర్నీమన్ అనే హోదాకు పెట్టే పరీక్ష గురించి చదివాడు. వేలాడే అంగుళం మందం తాడును ఒక్క వేటుకు తెంపాలి. అదే కత్తితో రెండు అంగుళాలకు నాలుగు అంగుళాల చెక్కను రెండు ముక్కలయ్యేదాకా నరకాలి, అలా రెండుసార్లు. ఆ తర్వాత దానితోనే చేతి మీద వెంట్రుకలు గొరగాలి. ఆఖరికి కత్తిని వైస్‌లో బిగించి 90 డిగ్రీలు వంచాలి, విరగకూడదు. బావ ఏ సంఘంలోనూ చేరలేదు గానీ ఆ పరీక్ష తనకు తనే పెట్టుకున్నాడు. వాదర గట్టిగా, వెన్ను మెత్తగా ఉంటే తప్ప ఇది సాధించడం కష్టం. రెండు కత్తులు విరిగాయి. మూడోది వంగింది. ఆ రోజు ఫోన్‌లో ఆయన గొంతు ఆ రాత్రి "గట్టిపడింది" అన్న గొంతే.

ఆయన చేసిన కొత్త కత్తి ఒకటి కూడా నా దగ్గర ఉంది, పెళ్లికి ఇచ్చాడు. దాని గురించి అబద్ధం ఆడను. అన్ని విధాలా అదే మంచి కత్తి. తేలిక, పదును, చేతిలో కూర్చోవడం, ఏది చూసినా. చేత్తో చేసిన తొలి వస్తువులో ఆత్మ ఉంటుందని కొందరు అంటుంటారు. నాకు ఆ మాట నచ్చదు. నా పాత కత్తిలో ఉన్నది ఆత్మ కాదు, అజ్ఞానం. కాకపోతే ఆ అజ్ఞానం పక్కన డ్రయ్యర్ పట్టుకుని నేనున్నాను. కొత్త కత్తి పెట్టెలో ఉంటుంది, పాతది బల్ల మీద ఉంటుంది. అంతకంటే వివరం నా దగ్గర లేదు.

ఇవ్వనని మొండికేసినప్పుడు బావకు ఒకసారి లవ్‌లెస్ కథ చెప్పాను. ఆ కథ నాకు చెప్పింది ఆయనే. 1950లలో బాబ్ లవ్‌లెస్ అనే అమెరికన్ న్యూయార్క్‌లో రాండల్ అనే తయారీదారు కత్తి కొనబోతే చాలా నెలలు ఆగాలన్నారట. కోపమొచ్చి పాత ప్యాకార్డ్ కారు స్ప్రింగుతో తనే చేసుకున్నాడు. తర్వాత ఆయన ఎంత పెద్ద పేరయ్యాడంటే, తొలి రోజుల్లో ఆయన చేసిన కత్తుల కోసం సేకరించేవాళ్లు ఇప్పటికీ వెతుకుతుంటారు. "చూశావా, ఆయన దాచుకోలేదు కదా" అన్నాను. "వాళ్ల మొదటి కత్తి నా వందో కత్తి కన్నా బాగుంటుందిరా. నువ్వు నీ పోలికలూ" అన్నాడు బావ. అయినా ఇంత పట్టుదల ఎందుకో అర్థమయ్యేది కాదు. ఉన్న తప్పులన్నీ ఆయనే వేలు పెట్టి చూపించాడు. ఇంకా దాచుకోడానికి ఏం మిగిలింది?

పోయిన నెల పిడి చెక్కలు కదిలాయి. ముందు వైపు, అలుగు దగ్గర, గోరు దూరేంత సందు వచ్చింది. వెనక వైపు గట్టిగానే ఉంది. చెక్కలు అతికించిన ఎపాక్సీ జిగురు ఇన్నేళ్లు ఆగిందే ఎక్కువ అనుకున్నాను. కానీ మేకు ఉండగా సందు ఎలా వచ్చింది? గత్యంతరం లేక తీసుకెళ్లాను. "పిడి మాత్రమే. తిరిగిస్తేనే ఇస్తాను" అని ముందే చెప్పాను. బావ కత్తి అందుకుని, "ఉంచి వెళ్లు, వారంలో పంపుతా" అన్నాడు. కూర్చుంటానన్నాను. పని ఉంది కదా నీకు అన్నాడు. లేదన్నాను.

వెనక మేకు తలను రుద్ది, సన్నని కడ్డీతో కొట్టి బయటికి నెట్టాడు. ముందు మేకు జోలికి వెళ్లలేదు. సందులో పల్చటి రేకు దూర్చి తిప్పాడు. ఎడమ చెక్క టప్పున ఊడింది. దానితోపాటు ముందు మేకు కూడా ఊడొచ్చింది. మేకు కాదు, సగం మేకు. చిటికెన వేలి గోరంత ఇత్తడి ముక్క, చెక్కలో అతికించినది. కుడి చెక్కలో అలాంటిదే ఇంకొకటి. మధ్యలో ఉక్కుకు రంధ్రమే లేదు. రంధ్రం వేయబోయి వేయలేకపోయిన చోట, డ్రిల్లు తిరిగి తిరిగి కాలిన నీలం మచ్చ, దాని మధ్య చిన్న గుంట.

నేను బావ వైపు చూశాను. ఆయన బల్ల వైపు చూస్తున్నాడు.

"గట్టిపరచక ముందే రెండు రంధ్రాలూ వేసుకోవాలని తెలీదురా" అన్నాడు. "తీగ కోసం ఒకటే వేశాను. మొత్తం కత్తి నూనెలో ముంచేశాం కదా, తోక కూడా గట్టిపడిపోయింది. నాలుగు డ్రిల్లు బిట్లు పోయాయి. నువ్వేమో ఆదివారం వస్తానని కబురు పెట్టావు."

"అందుకని దొంగ మేకు పెట్టావా?"

"ఒక మేకుతో ఇస్తే బాగుండదనిపించింది."

ఇన్నేళ్లూ ఎన్ని తప్పులు చూపించాడు! మందం, మూల, మొన, రేణువులు. వేలు పెట్టి చూపించిన ప్రతిసారీ ఆ వేలు పిడి దాకా రాలేదన్న సంగతి నాకప్పుడు తట్టింది. నవ్వు ఆపుకోలేకపోయాను. ముందు కాసేపు ముఖం ముడుచుకుని ఆయనా నవ్వాడు.

ఇప్పుడు నిజం రంధ్రం వేస్తానన్నాడు. దానికి తోకను అక్కడి వరకే మళ్లీ మెత్తబరచాలి. అలుగు మాత్రం వేడెక్కకూడదు. అలుగుకు తడిగుడ్డ చుట్టి నీళ్ల పళ్లెంలో పెట్టాడు. గుడ్డ ఆరకుండా నీళ్లు పోస్తూ, కత్తి కదలకుండా పట్టుకోవాలి. మగ్గు నా చేతికిచ్చాడు.

"పట్టుకో, వదలకు" అన్నాడు.

గ్యాస్ మంట తోకకు తగిలించాడు. రుద్దిన చోట గడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, నీలం, ఆ తర్వాత బూడిద. నీళ్లు పోస్తూనే ఉన్నాను. చల్లారాక డ్రిల్లు పెడితే ఉక్కు చుట్టలు చుట్టలుగా లేచి దిగబడిపోయింది. అర నిమిషం పట్టలేదు.

కొత్త ఇత్తడి కడ్డీ కోస్తుండగా ఆ రెండు దొంగ ముక్కలూ తీసి జేబులో వేసుకున్నాను. తల ఎత్తకుండానే చెయ్యి చాపాడు.

"అవి ఇటివ్వు."

ఇవ్వలేదు.